అమ్మ కడియాలు - నైజాం వజ్రం

అది ఒక పల్లె. రాత్రి ఎనిమిదయింది. ఆడవాళ్లు వంటలు ముగించుకుని చదువుల కేంద్రానికి వచ్చారు. ఇప్పుడు వాళ్ల చేతుల్లో పలకలు లేవు. పలకల రోజులు దాటిపోయాయి. ఇప్పుడు అందరూ కలిసి పేపరు చదువుతున్నారు.

ఆ రోజు ఒక పాత పేపరులో మెరిసే రాయి బొమ్మ కనిపించింది. కింద ఉన్న అక్షరాలు కూడబలుక్కుని చదివారు. "నైజాం నవాబు వజ్రం."

"ఎంత పెద్దగుందే! ఎవరిదది?" అంది ఒక పెద్దామె.

"నవాబుది, అవ్వా."

"నవాబుకు ఎక్కడిది?"

"వాళ్ల నాయన దగ్గర్నుంచి వచ్చింది."

"వాళ్ల నాయనకు ఎక్కడిది?"

ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఒక కోడలు పిల్ల తన కాళ్ల వైపు చూసుకుంది. కాళ్లకు వెండి కడియాలున్నాయి.

"ఇవి మా అమ్మ ఇచ్చింది. అమ్మకు మా అమ్మమ్మ ఇచ్చింది. నవాబుకు వాళ్ల నాయన ఇచ్చిండు. రెండూ ఒకటే కదా అవ్వా? ఇందులో తప్పేముంది?" అంది.

"ఒకటే ఎట్లయితది బిడ్డా?" అంది పెద్దామె.

ఎవరి మాట నిజం? కోడలు పిల్ల మాటా? పెద్దామె మాటా? నిదానంగా చూద్దాం.

వారసత్వం అంటే ఏమిటి?

తల్లిదండ్రులు పోయాక వాళ్ల ఆస్తి పిల్లలకు వస్తుంది. దీన్నే వారసత్వం అంటారు. ఇల్లు, పొలం, గొడ్డూగోదా, నగలు, డబ్బు అన్నీ ఇలాగే వస్తాయి. కొన్నిసార్లు అప్పు కూడా వస్తుంది.

పిల్లల కోసం నాలుగు డబ్బులు వెనకేయాలని ఎవరికుండదు? తల్లి నోరు కట్టుకుని కూడబెడుతుంది. తండ్రి రాళ్లు ఏరి పొలం చేస్తాడు. "నేను పడ్డ కష్టం నా బిడ్డ పడొద్దు" అనుకుంటారు. ఇది మంచి కోరికే. దీన్ని ఎవరూ తప్పు పట్టరు.

అయితే రాజుల ఆస్తి సంగతి ఏమిటి? అది కూడా ఇలాగే వచ్చిందా? ఇది తెలియాలంటే నైజాం కథ తెలుసుకోవాలి.

నైజాం ఎవరు?

ఒకప్పుడు హైదరాబాదు ఒక సంస్థానం. అంటే రాజు ఏలే రాజ్యం. ఇప్పటి తెలంగాణ అందులో ఉండేది. మరాఠీ మాట్లాడే జిల్లాలు, కన్నడం మాట్లాడే జిల్లాలు కూడా ఉండేవి. 1941లో అక్కడి జనం 1 కోటి 60 లక్షలకు పైగా ఉన్నారు.

ఆ రాజ్యాన్ని 1724 నుంచి 1948 వరకు ఒకే వంశం ఏలింది. అది అసఫ్‌జాహీ వంశం. ఆ రాజులను నిజాములు అనేవారు. మన పల్లెల్లో నైజాం నవాబు అంటారు. చివరి నిజాం పేరు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఆయన 1911లో గద్దె ఎక్కాడు.

1937లో అమెరికాలోని ఒక పెద్ద పత్రిక ఆయన బొమ్మను అట్ట మీద వేసింది. లోకంలోనే అందరికన్నా ధనవంతుడు ఆయనే అని రాసింది.

పేపరులో ఉన్న వజ్రం పేరు జాకబ్ వజ్రం. జాకబ్ అనే వర్తకుడి దగ్గర ఆయన తండ్రి, ఆరో నిజాం, కొన్నాడు. అందుకే ఆ పేరు. దాని బరువు దాదాపు 185 క్యారట్లు. మన లెక్కలో మూడు తులాలకు పైనే. తండ్రి పోయాక అది ఆయన బూటులో దొరికిందట. కొడుకు దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుకు పెట్టుకునేవాడట.

వజ్రాన్ని కాగితాల మీద పెట్టుకునేంత సొమ్ము! అంత సొమ్ము ఎక్కడి నుంచి వచ్చింది?

సొమ్ము భూమి నుంచే వచ్చింది

నవాబు నాగలి పట్టలేదు. నాటు వేయలేదు. కానీ రాజ్యంలోని భూమి మీద శిస్తు ఆయనకు చేరేది. శిస్తు అంటే భూమి మీద కట్టే పన్ను.

ఆ రాజ్యంలోని భూమిని పది భాగాలు అనుకోండి.

దాదాపు ఆరు భాగాలు దివానీ భూమి. అక్కడ శిస్తు సర్కారు ఖజానాకు పోయేది.

దాదాపు మూడు భాగాలు జాగీర్లు. అంటే నవాబు తన వాళ్లకు, కొలువులో పెద్దవాళ్లకు ఇచ్చిన ఊళ్లు. ఆ ఊళ్లలో శిస్తు జాగీర్దారు తినేవాడు. చాలా జాగీర్లలో పోలీసూ ఆయన వాళ్లే. కోర్టూ ఆయనదే.

మిగిలిన ఒక భాగం సర్ఫేఖాస్. అంటే నవాబు సొంత భూమి. హైదరాబాదు చుట్టుపక్కల ఊళ్లు చాలావరకు ఇందులోనివే. ఇక్కడి ఆదాయం నవాబు ఇంటి ఖర్చులకే. ఆయన కుటుంబం, నౌకర్లు, మహళ్లు అన్నీ దీని మీదే నడిచేవి.

అంటే రాజ్యంలో పదో వంతు భూమి ఒక్క ఇంటి కోసం!

వజ్రం కొన్న డబ్బు ఇలాంటి ఆదాయం లోనిదే. ఆ డబ్బు వెనక రైతు ఉన్నాడు. నాటు వేసిన, కలుపు తీసిన ఆడమనిషి ఉంది.

దొరలు, వెట్టి

నవాబు హైదరాబాదులో ఉండేవాడు. ఊళ్లో ఉండేది దొర. దివానీ భూముల్లో కూడా దొరల పెత్తనమే సాగేది. ఈ దొరల్లో దేశ్‌ముఖులు పెద్దవాళ్లు. వెనక వాళ్లు శిస్తు వసూలు చేసి సర్కారుకు కట్టేవాళ్లు. ఆ పని కూడా తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. తర్వాత సర్కారు భూములు కొలిపించింది. పట్టాలు రాయించింది. అప్పుడు చాలామంది దొరలు రైతుల భూములు తమ పేరున రాయించుకున్నారు.

రైతుకు చదువు రాదు. కాగితంలో ఏముందో తెలియదు. పంట వేసేది రైతు. పేరు దొరది.

విసునూరు దేశ్‌ముఖు కింద దాదాపు 40 వేల ఎకరాలు, 60 ఊళ్లు ఉండేవని చరిత్ర రాసినవాళ్లు చెప్పారు.

భూమి ఎవరిదో ఊరు వాళ్లది. అందుకే వెట్టి నడిచింది. వెట్టి అంటే కూలి లేని పని. చాకలి గడిలో బట్టలు ఉతకాలి. కుమ్మరి కుండలు ఇవ్వాలి. మాదిగ చెప్పులు కుట్టాలి. ఆడవాళ్లు గడికి పోయి వడ్లు దంచాలి. పసిబిడ్డ ఏడుస్తున్నా పోవాలి. దొర బిడ్డకు పెళ్లయితే ఆమె వెంట పేదింటి ఆడపిల్లను పనికి పంపేవాళ్లు. ఆ పిల్లను ఆడబాప అనేవాళ్లు. ఆమెకు సొంత బతుకు ఉండేది కాదు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. దొర కొడుక్కి గడి వారసత్వంగా వచ్చింది. చాకలి కొడుక్కి వెట్టి వారసత్వంగా వచ్చింది. ఒక ఇంట్లో పుట్టినందుకు ఒకరికి సొమ్ము. ఇంకో ఇంట్లో పుట్టినందుకు ఒకరికి చాకిరి. ఇద్దరూ తామేమీ చేయకుండానే ఆ పుట్టుక పొందారు.

అయిలమ్మ పంట

పాలకుర్తిలో చాకలి అయిలమ్మ ఉండేది. పాలకుర్తి ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. ఆమె భూమి కౌలుకు తీసుకుంది. కుటుంబమంతా కష్టపడి పంట పండించింది.

చాకలిది భూమి చేయడం దొరకు నచ్చలేదు. విసునూరు దేశ్‌ముఖు ఆమె పంటను, భూమిని గుంజుకోవాలని చూశాడు. మనుషులను పంపాడు.

అయిలమ్మ భయపడలేదు. ఊళ్లో ఆంధ్ర మహాసభ సంఘం ఉంది. సంఘం వాళ్లు ఆమెకు తోడు నిలిచారు. పంట కోసి ఆమె ఇంటికి చేర్చారు. దొర మనుషులు వట్టి చేతులతో వెనక్కి పోయారు. ఇది 1940ల నడుమ జరిగింది.

ఆమె కుటుంబం తర్వాత చాలా కష్టాలు పడింది. ఇల్లు కూడా తగలబెట్టారు. అయినా ఆమె భూమి విడవలేదు.

1946 జులై 4న కడివెండిలో దొర మనుషుల తుపాకీకి దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అప్పటి నుంచి పోరాటం ఊరూరా పాకింది. 1951 దాకా సాగింది. మల్లు స్వరాజ్యం అనే యువతి తుపాకీ పట్టి పోరాడింది. ఆమె పుట్టింది భూస్వామి ఇంట్లోనే. వారసత్వంగా వచ్చే సుఖాన్ని వదిలి పేదల వైపు నిలిచింది.

అయిలమ్మ 1985లో చనిపోయింది. 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు.

నవాబు మంచి పనులు చేయలేదా?

చేశాడు. అది కూడా చెప్పుకోవాలి.

1908లో మూసీ నదికి పెద్ద వరద వచ్చింది. వేలమంది చనిపోయారు. అలాంటి వరద మళ్లీ రాకూడదని నదుల మీద రెండు చెరువులు కట్టారు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. నగరానికి తాగునీళ్లు కూడా వచ్చాయి. మంజీర నది మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. దాని కింద ఎన్నో ఎకరాలు తరి అయ్యాయి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టారు. ఉస్మానియా ఆసుపత్రి కట్టారు. ఈ రోజుకూ పేదవాళ్లు ఉస్మానియాకే పోతారు.

"అంత మంచి చేసినాయనకు అంత ఆస్తి ఉంటే ఏం పోయింది?" అని కొందరు అడుగుతారు.

మంచిని మంచి అనాల్సిందే. అయితే ఆ కట్టలు కట్టింది సర్కారు ఖజానా సొమ్ముతో. ఖజానా నిండింది జనం కట్టిన పన్నులతో. మట్టి మోసింది కూలివాళ్లు. ఆజ్ఞ ఇచ్చినవాడి పేరు రాతి మీద నిలిచింది. మోసినవాళ్ల పేర్లు నిలవలేదు.

రాజ్యం పోయింది. మరి ఆస్తి?

1947లో దేశానికి స్వతంత్రం వచ్చింది. నిజాం వెంటనే దేశంలో కలవలేదు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది. అయిదు రోజుల్లో హైదరాబాదు దేశంలో కలిసింది.

తర్వాత మార్పులు వచ్చాయి.

1949 ఫిబ్రవరిలో సర్ఫేఖాస్ భూములు సర్కారులో కలిశాయి.

1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి.

1950లో కౌలుదారుల చట్టం వచ్చింది. ఏళ్ల తరబడి కౌలు చేసిన చాలామందికి రక్షణ దొరికింది. కొందరికి ఆ భూమి మీద హక్కు కూడా వచ్చింది.

1951 ఏప్రిల్‌లో వినోబా భావే పోచంపల్లికి వచ్చారు. అక్కడి దళితులు తమకు భూమి కావాలని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చారు. భూదాన ఉద్యమం అక్కడే మొదలయింది.

1973లో భూ పరిమితి చట్టం వచ్చింది. ఒక కుటుంబానికి తరి భూమి అయితే 10 నుంచి 27 ఎకరాలు ఉండొచ్చు. కుష్కి అయితే 35 నుంచి 54 ఎకరాలు ఉండొచ్చు. నేల రకాన్ని బట్టి లెక్క. అంతకు మించింది సర్కారు తీసుకుని పేదలకు పంచాలి. చట్టం మంచిదే. కానీ చాలామంది పెద్ద రైతులు ముందే జాగ్రత్త పడ్డారు. చుట్టాల పేరున, పాలేరు పేరున కూడా భూములు రాయించారు. పాలేరుకు ఆ సంగతే తెలియదు.

మరి నవాబుకు ఏమయింది? జాగీర్దార్లకు, నవాబుకు సర్కారు పరిహారం కట్టింది. రాజ్యం వదులుకున్న రాజులకు ఏటా డబ్బు ఇస్తామని సర్కారు ఒప్పుకుంది. దాన్ని రాజభరణం అన్నారు. ఇది దేశంలోని ఎందరో రాజులకు వచ్చేది. నిజాముకు ఏటా 40 లక్షల రూపాయలకు పైగా వచ్చేది. గుజరాత్ వైపు కటోడియా అనే చిన్న సంస్థానం ఉండేది. దాని పెద్దకు ఏడాదికి 192 రూపాయలే వచ్చేవి. రాజుల్లో కూడా ఇంత తేడా!

"రాజులు పోయాక భరణం ఎందుకు?" అని జనం అడిగారు. "మాట ఇచ్చాం కదా" అని కొందరు అన్నారు. కోర్టు దాకా పోయింది. చివరికి 1971లో రాజ్యాంగాన్ని సవరించి రాజభరణాలు రద్దు చేశారు. రాజు అనే బిరుదుకు కూడా సర్కారు గుర్తింపు పోయింది.

అయితే నిజాం సొంత నగలు, మహళ్లు, డబ్బు ఆయన కుటుంబానికే ఉండిపోయాయి.

వజ్రాన్ని జనం సొమ్ముతో కొన్నారు

నవాబు 1951, 1952లో తన నగలను ట్రస్టుల కింద పెట్టాడు. వాటి ఫలం తన వారసులకు చేరాలని రాశాడు. ఆయన 1967లో చనిపోయాడు. తర్వాత ఆ నగలు అమ్మాలనుకున్నారు. అవి పరదేశాలకు పోకూడదని భారత సర్కారు పట్టుపట్టింది. కోర్టుల్లో ఏళ్లు గడిచాయి.

1995లో సర్కారు ఆ నగలను కొన్నది. మొత్తం 173 నగలు. ధర 218 కోట్ల రూపాయలు. జాకబ్ వజ్రం కూడా అందులోనే ఉంది. ఆ నగలు రిజర్వు బ్యాంకు భద్రంలో ఉన్నాయి. ఢిల్లీలో, హైదరాబాదులో కొన్నిసార్లు జనానికి చూపించారు.

ఆలోచించండి. ఒకప్పుడు జనం శిస్తు కట్టారు. ఆ సొమ్ముతో నగలు వచ్చాయి. మళ్లీ 1995లో జనం పన్నుల సొమ్ముతో ఆ నగలు కొన్నారు. ఒక్క నగకు జనం రెండుసార్లు వెల కట్టారు!

ఇంకో కథ వినండి. 1948లో నిజాం సర్కారు డబ్బు 10 లక్షల పౌండ్లు లండన్ బ్యాంకులో పాకిస్తాన్ రాయబారి ఖాతాకు పోయింది. పౌండు అంటే ఇంగ్లండు డబ్బు. ఆ డబ్బు మాదంటే మాదని తగువు పడ్డారు. బ్యాంకు ఎవరికీ ఇవ్వలేదు. వడ్డీతో అది 3 కోట్ల 50 లక్షల పౌండ్లయింది. 2019లో ఇంగ్లండు కోర్టు తీర్పు ఇచ్చింది. అది భారతదేశానికి, నిజాం మనుమలకు చెందుతుందని చెప్పింది. 71 ఏళ్ల తగువు!

రెండు వైపుల మాటలు

ఇలాంటి ఆస్తి మంచిదే అనేవాళ్లు ఏమంటారు?

"చట్టం ప్రకారం వచ్చిన ఆస్తిని లాక్కోకూడదు. ఇవాళ నవాబుది లాక్కుంటే రేపు పేదవాడిదీ లాక్కుంటారు. తాత చేసిన తప్పుకు మనుమడిని ఎందుకు శిక్షించాలి? పాత నగలు, మహళ్లు కాపాడింది కూడా వాళ్లే కదా."

ఈ మాటల్లో కొంత నిజం ఉంది. లాక్కోవడానికి ఒక పద్ధతి ఉండాలి. పద్ధతి లేకపోతే బలవంతుడే గెలుస్తాడు. అప్పుడు ముందు నష్టపోయేది పేదవాళ్లే.

కాదు అనేవాళ్లు ఏమంటారు?

"ఆ చట్టం రాసింది ఎవరు? రాజే. తన భూమి తనదే అని రాజే రాసుకుంటే అది న్యాయమా? మనుమడు తప్పు చేయలేదు, నిజమే. కానీ కష్టమూ చేయలేదు. కష్టం చేసినవాళ్ల మనుమలకు ఏం వచ్చింది?"

కొన్ని దేశాలు నడిమి దారి వెతికాయి. చనిపోయినవాళ్ల ఆస్తి చాలా పెద్దదయితే దాని మీద పన్ను వేస్తాయి. ఇంగ్లండులో అలాంటి పన్ను ఉంది. కానీ అక్కడ ఇంకా రాజు ఉన్నాడు. 2022లో ఎలిజబెత్ రాణి చనిపోయింది. కొడుకు ఛార్లెస్ రాజయ్యాడు. తల్లి నుంచి రాజుకు వచ్చిన ఆస్తి మీద ఆ పన్ను లేదు. పన్ను మామూలు జనానికి ఉంది. రాజుకు లేదు.

మన దేశంలో కూడా 1953లో అలాంటి పన్ను పెట్టారు. వచ్చే డబ్బు తక్కువని, తకరార్లు ఎక్కువని 1985లో తీసేశారు. అలాంటి పన్ను మళ్లీ ఉండాలా అని ఇప్పటికీ వాదనలు నడుస్తున్నాయి.

మూడు ప్రశ్నలు

ఇప్పుడు కోడలు పిల్ల అడిగిన మాటకు వద్దాం. కడియాలూ వజ్రమూ ఒకటేనా?

ఏ ఆస్తి గురించయినా మూడు ప్రశ్నలు అడగొచ్చు.

ఒకటి. అది ఎట్లా వచ్చింది? కష్టపడి సంపాదించిందా? అధికారంతో తీసుకుందా?

రెండు. అది ఎంత? ఒక కుటుంబం బతకడానికి సరిపోయేంతా? నూరు ఊళ్లు దాని కింద నలిగేంతా?

మూడు. దాని వల్ల ఎవరి వాటా పోయింది?

అమ్మ కడియాల మీద ఈ ప్రశ్నలు వేయండి. అమ్మ కూలి చేసి కొన్నది. రెండు కడియాలు. ఎవరి వాటా పోలేదు.

వజ్రం మీద వేయండి. రాజ్యాధికారంతో వచ్చింది. లెక్కకు అందనంత సొమ్ములో ఒక ముక్క. శిస్తు కట్టిన రైతు, వెట్టి చేసిన మనిషి వాటా అందులో కలిసిపోయింది.

కాబట్టి పెద్దామె మాటే నిజం. రెండూ ఒకటి కావు. ఇవ్వడం ఒకటే. వచ్చిన దారి వేరు.

మరి మన ఇంట్లో?

మూడో ప్రశ్నను ఇప్పుడు మన ఇంట్లో అడుగుదాం. మన పొలం వల్ల ఎవరి వాటా పోయింది?

నిజాం గద్దె మీద ఎందరో కూర్చున్నారు. అందరూ మగవాళ్లే. ఒక్క ఆడబిడ్డ కూడా లేదు. రాజు ఇల్లు అంతే. మన ఇల్లు?

తండ్రి పొలం కొడుకుల పేరున పోతుంది. బిడ్డ కూడా ఆ పొలంలోనే పెరిగింది. కలుపు తీసింది. గొడ్లు కాసింది. పెళ్లప్పుడు "కట్నం ఇచ్చాం కదా" అంటారు. కట్నం బిడ్డ చేతికి రాదు. అత్తింటికి పోతుంది. వాటా వేరు. కట్నం వేరు. కట్నం ఇవ్వడం, తీసుకోవడం 1961 నుంచి నేరం కూడా.

చట్టం ఏమంటుంది?

హిందువుల్లో తండ్రి ఆస్తికి బిడ్డ కూడా వారసురాలే అని 1956 చట్టం చెప్పింది. కానీ తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు కొడుకులకే ఉండేది.

1985లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం మారింది. అప్పటికి పెళ్లి కాని కూతుళ్లకు కూడా ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు వచ్చింది. దేశంలో చాలా రాష్ట్రాలకన్నా ముందే మన దగ్గర ఈ మార్పు వచ్చింది.

2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతా ఈ హక్కు వచ్చింది. పెళ్లయిన కూతుళ్లకు కూడా వచ్చింది. 2004 డిసెంబరు 20కి ముందే పద్ధతి ప్రకారం జరిగిన పంపకాలు మాత్రం కదలవు.

2005 నాటికి తండ్రి బతికి లేకపోతే? అప్పుడు కూడా కూతురికి హక్కు ఉందని 2020లో సుప్రీం కోర్టు చెప్పింది. ఈ హక్కు పుట్టుకతో వచ్చేదని చెప్పింది.

ముస్లింల చట్టంలో కూతురికి వాటా తప్పకుండా ఉంది. అది కొడుకు వాటాలో సగం. క్రైస్తవుల చట్టంలో కొడుకూ కూతురూ సమానం.

హిందువుల్లో తండ్రి స్వయంగా సంపాదించిన ఆస్తి సంగతి వేరు. అది ఎవరికి ఇష్టమయితే వారికి వీలునామా రాయొచ్చు. వీలునామా రాయకుండా పోతే మాత్రం కూతురికీ వాటా ఉంటుంది.

చట్టం ఉంది. కానీ చాలా ఇళ్లలో ఏం జరుగుతుంది? అన్న ఒక కాగితం తెస్తాడు. "ఇక్కడ ఒక వేలిముద్ర వెయ్యి చెల్లె" అంటాడు. చెల్లె వేస్తుంది. అది హక్కు వదులుకునే కాగితం. ఏం రాసుందో ఆమెకు తెలియదు. వెనకటి రైతుకు పట్టా కాగితంలో ఏముందో తెలియనట్లే.

అన్నతో తగువు పడమని కాదు. పుట్టిల్లు పోగొట్టుకోమని కాదు. వాటా తీసుకోవడమో, వదులుకోవడమో ఆమె ఇష్టం. కానీ తెలిసి చేయాలి. తెలియక పోగొట్టుకోకూడదు.

ఏ కాగితమయినా సంతకం పెట్టే ముందు పూర్తిగా చదవాలి. పేరు, సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు చూడాలి. అర్థం కాకపోతే ఇంటికి తెచ్చుకుని నలుగురితో చదివించుకోవాలి. "రేపు పెడతా" అనడం తప్పు కాదు. ఆడవాళ్లకు సంపాదన ఎంత ఉన్నా కోర్టు పనులకు ఉచితంగా వకీలు సాయం దొరుకుతుంది. దానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగాలి.

ఆ రాత్రి కేంద్రంలో

పేపరు మడిచి పెట్టారు. ఇళ్లకు పోయే టైమయింది.

కోడలు పిల్ల కడియాలు సవరించుకుంది. "ఇవి నా బిడ్డకు ఇస్త" అంది.

"కడియాలేనా?" అంది పెద్దామె. "మీ ఎకరంన్నర సంగతి?"

కోడలు పిల్ల నవ్వలేదు. కాసేపు ఆలోచించింది.

"ఇద్దరు పిల్లలు కదా అవ్వా. చెరి సగం. ఇంటికి పోయి ఆయనకు చెప్త" అంది.

పెద్దామె లేచి చీర కొంగు దులుపుకుంది. "నాకు మా నాయన ఏం ఇయ్యలే. నేను అడగలే. అడగొచ్చని కూడా తెలువదు" అంది.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో పెద్ద భూములు ఎవరివి? అవి వాళ్లకు ఎట్లా వచ్చాయి? పెద్దవాళ్లను అడగండి.

2. నిజాం నగలను 218 కోట్లకు కొనడం సరైనదేనా? మీరయితే ఏం చేసేవారు?

3. చాలా పెద్ద ఆస్తి పిల్లలకు పోయేటప్పుడు పన్ను ఉండాలా? ఎందుకు?

4. మీ ఇంటి పొలం ఎవరి పేరున ఉంది? పాసు పుస్తకం తీసి చదవండి.

కొత్త మాటలు

వారసత్వం - పెద్దల నుంచి వచ్చే ఆస్తి, హక్కు
జాగీరు - రాజు తన వాళ్లకు ఇచ్చిన ఊళ్లు
సర్ఫేఖాస్ - నిజాం సొంత భూమి
గడి - దొర ఉండే పెద్ద ఇల్లు
తరి - నీళ్లు పారే భూమి
కుష్కి - వాన మీద పండే భూమి
పరిహారం - పోయినదానికి బదులు ఇచ్చే డబ్బు
వీలునామా - తన తర్వాత ఆస్తి ఎవరికో రాసే కాగితం